తొక్కకుండా తిరిగిన చక్రం

షెడ్డు దినచర్య పుస్తకం ఉప్పు నీళ్లలో నాని అట్టకట్టుకుపోయింది. పుస్తకం లేకుండా షెడ్డు నడవకూడదని మా సంఘం నియమం. అందుకని జరిగినవన్నీ తిథుల వారీగా మళ్లీ రాస్తున్నాను. మాకు తేదీలతో పని లేదు, పోటు ఎప్పుడొస్తుందో చెప్పేది తిథే. మొదటిసారి రాసినప్పుడు కొన్ని సంగతులు దాచాను. ఈసారి దాచను.

మోపిదేవి, బ్యాటరీల షెడ్డు మేస్త్రీ


1. బహుళ తదియ

పున్నమి పోటు గండం గడిచింది. ఊట కాలువలో నీరు బావి గట్టుకి రెండు జానల కింద ఆగింది. సముద్రం కట్టకి అవతల మా తలల కన్నా ఎత్తులో ఉంటుంది. కట్ట దూకలేదు గానీ, అడుగున ఇసుకలోంచి దారి చేసుకుని లోపలికి ఊరుతూనే ఉంటుంది. ఆ ఉప్పు ఊటంతా కాలువలో చేరుతుంది. పంపు దాన్ని ఎత్తి మళ్లీ అవతల పోస్తుంది. పంపు ఆగితే కాలువ పొర్లి మంచినీళ్ల బావిలో పడుతుంది. ముప్పై ఆరు ఇళ్లకి ఆ బావి ఒక్కటే దిక్కు.

పంపుకి తిండి పద్దెనిమిది బ్యాటరీలు. బ్యాటరీలకి తిండి మా కాళ్లు. ఆకాశానికి మసి పట్టినప్పటి నుంచి సోలారు పలకలు ఎండు చేపల పాకకి పైకప్పుగా పనికొస్తున్నాయి. గాలిమర రెక్కలు తుపానులో పోయాయి. షెడ్డులో ఆరు సైకిళ్లు బిగించి ఉన్నాయి. ఇంటికి రోజుకి రెండు గంటల వంతు, పోటు రోజుల్లో నాలుగు. షెడ్డు మేస్త్రీకి మాత్రం వంతు లేదు. మా ఇంట్లో ఉండేది ఇద్దరం కాబట్టి మా వంతంతా నా భార్య తిరుపతమ్మదే.

ఇవాళ ఆమె సీటు దిగుతూ కూలబడింది. చూస్తే మోకాళ్లు రెండూ వాచి నున్నగా మెరుస్తున్నాయి. ఇంటికి నడిపించుకెళ్లి, ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టాను. ఉప్పుకి మా ఊళ్లో కరువు లేదు.

"ఇంకెన్నాళ్లు తొక్కగలనో నాకే తెలవట్లేదయ్యా," అంది గోడవైపు తిరిగి.

ఆమె నన్నేమీ అనలేదు. అయినా నన్నే అన్నట్టు తోచి చిరాకు పడ్డాను. షెడ్డుకి తిరిగొచ్చేసరికి నాంచారమ్మ పిన్ని దీపం పరీక్ష పెట్టుకుని కూర్చుంది. వంతులు వేసేదీ, బ్యాటరీల బాగోగులు చూసేదీ ఆమే. డెబ్బై దాటాయి. ఒక్కో బ్యాటరీకి పాత కారు హెడ్‌లైటు తగిలించి, ఒళ్లో వల పరుచుకుని అల్లుతూ ఉంటుంది. నలభై ముడులు వేసేదాకా దీపం తెల్లగా ఉంటే బ్యాటరీ మంచిది. ముందే ఎర్రబడితే దానికి ఇంకో పూట తొక్కుడు. మా ఊళ్లో బ్యాటరీ సత్తా వోల్టుల్లో చెప్పరు, ముడుల్లో చెబుతారు.

"ఎనిమిదో నెంబరు ఇరవై ఆరే వచ్చిందిరా అబ్బాయ్," అంది పిన్ని.

తొక్కి తొక్కి నింపిన కరెంటుని ఈవిడ దీపం పెట్టి తగలేస్తోందే అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకి అన్నాను కూడా. ఆమె నవ్వి తొమ్మిదో నెంబరుకి దీపం తగిలించింది.


2. బహుళ అష్టమి

పోటు బాగా తగ్గింది. పంపుకి రోజుకి గంట పని. నాకు తీరిక దొరికింది.

నేను పని నేర్చుకున్న సత్తెయ్య మేస్త్రీ దుకాణంలో బల్ల మీద ఒక చక్రం తిరుగుతూ ఉండేది. అంచుకి వరుసగా అయస్కాంతాలు, పక్కన ఒక తీగచుట్ట, కింద రెండు బ్యాటరీలు. అయస్కాంతం చుట్ట ముందుకి రాగానే మొదటి బ్యాటరీ చిటికెడు కరెంటు వదిలి దాన్ని ముందుకి తోస్తుంది. ఆ కరెంటు తెగగానే చుట్ట ఎగదన్నుతుంది. ఆ తన్నుని పట్టి రెండో బ్యాటరీలోకి మళ్లిస్తే అది నిండుతుంది. ఒకటి తోస్తుంది, ఒకటి తాగుతుంది. తరువాత రెండింటినీ అటూ ఇటూ మార్చడమే. మేస్త్రీ దాన్ని ఆట వస్తువన్నాడో, అసలు వస్తువన్నాడో నాకు గుర్తులేదు. నాకు కావలసింది గుర్తుంచుకున్నాను.

మునిగిన పట్నంలోని సినిమా హాలు నుంచి యోనా తెచ్చిన స్పీకర్లు మూలన పడి ఉన్నాయి. యోనా మా సంఘం పెద్ద, నాకు తోడల్లుడు. స్పీకర్లు పగలగొట్టి పదహారు అయస్కాంతాలు తీశాను. చచ్చిన సీలింగు ఫ్యానులోంచి రాగి తీగ లాగాను.

తిరుపతమ్మ వంతుకి వచ్చి, తొక్కుతూనే నా కేసి చూసింది.

"ఏంటయ్యా అది?"

"నీ మోకాళ్లకి మందు. ఇది తిరిగితే నువ్వు తొక్కక్కర్లేదు. ఎవరూ తొక్కక్కర్లేదు."

"ఎప్పటికి తిరుగుద్ది?"

"పది రోజులు ఓపిక పట్టు."

"పట్టకేం చేస్తాను," అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.


3. శుద్ధ విదియ

అమావాస్య పోటు మొన్నటి నుంచి ఉరుముతోంది. ఆరు సైకిళ్లూ ఖాళీ లేకుండా తిరుగుతున్నాయి. నా చక్రం మాత్రం తిరగలేదు. తోస్తే అర చుట్టు వెళ్లి, మొండికేసిన గిత్తలా వెనక్కి వస్తుంది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, పదహారిట్లో నాలుగు అయస్కాంతాలు తిరగేసి అంటించాను. ఆరంభ శూరుణ్ణని ఊళ్లో ఎలాగూ పేరుంది.

వాటిని ఊడబీకి సరిచేసి, తీగచుట్ట కూడా కొత్తగా చుట్టడం మొదలుపెట్టాను. ఎనిమిది వందల చుట్లు. లెక్క తప్పకూడదని తిరుపతమ్మ సైకిలు పక్కనే పీట వేసుకున్నాను, అక్కడైతే వెలుగు బాగుంటుంది. ఆమె నాలుగు గంటలు తొక్కింది. మధ్యలో రెండుసార్లు ఆగి మోకాలు పట్టుకుంది.

"మాట్లాడించకు, లెక్క పోతుంది," అన్నాను.

ఆమె మళ్లీ పెడలు మీద కాలు వేసింది.


4. శుద్ధ పంచమి

తిరిగింది! వేలితో ఒక్క తోపు తోశాను, అంతే. టిక్కు టిక్కుమంటూ వేగం అందుకుని అలా తిరుగుతూనే ఉంది. ఎనిమిదో నెంబరు బ్యాటరీని తాగేవైపు పెట్టాను. మీటరు సూది పదకొండున్నర వోల్టుల నుంచి మెల్లగా లేచి, మధ్యాహ్నానికల్లా పన్నెండు ముప్పాతిక దగ్గర నిలిచింది. తోసే బ్యాటరీ కొంచెం తగ్గింది గానీ, విప్పి గంటసేపు పక్కన పెడితే అదీ తేరుకుంది. రెండూ నిండుగా ఉన్నాయి. షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి చంకలు గుద్దుకోవడానికి సిగ్గేయలేదు.

పాత పుస్తకంలో ఇంతవరకే రాశాను. రాయనిది ఇది.

సాయంత్రం ఆ ఎనిమిదో నెంబరుని ఒకసారి పంపుకి తగిలించి చూశాను. పంపు నాలుగు నిమిషాలు తిరిగింది. ఈలోగా సూది పన్నెండు ముప్పాతిక నుంచి తొమ్మిదికి పడిపోయింది. విప్పేశాను. చూస్తుండగానే సూది మళ్లీ పన్నెండుకి లేచింది. పంపు తీగలు పాతవి, వాటి దగ్గరే ఏదో లోపం ఉందని నాకు నేను చెప్పుకున్నాను. ఇరవై ఏళ్లుగా బ్యాటరీలతో కాపురం చేస్తున్నవాణ్ణి. నురగతో నిండిన చెంబుకీ, పాలతో నిండిన చెంబుకీ తేడా నాకు తెలియక కాదు. ఆ పూట నాకు తెలుసుకోవాలని లేదు.


5. శుద్ధ అష్టమి

సంఘం వాళ్లందరూ షెడ్డు ముందు కూర్చున్నారు. చక్రాన్ని బల్ల మీద పెట్టి తిప్పి చూపించాను. ఎవరూ తొక్కకుండా తిరుగుతున్న చక్రాన్ని చూసి ముసలివాళ్లు దండం పెట్టారు. సూది లేవడం అందరూ ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్లారు.

"ఇకనుంచి తొక్కుడు వంతులు ఎత్తేద్దాం," అన్నాను.

యోనా గడ్డం గోక్కున్నాడు. "మొత్తం ఎత్తేద్దామా అన్నా? సగం వంతులు ఉంచుకుంటే?"

అప్పుడు నాంచారమ్మ పిన్ని వల పక్కన పెట్టి లేచింది. "ఒరే మోపిదేవీ, సూది సంగతి నాకు తెలవదు. బరువెత్తితేనే గదా మనిషి బలం తెలిసేది. ఒక్కదానికి దీపం తగిలించు. నలభై ముడులు వేస్తాను. ఎంతసేపు?"

పంచమి నాటి సంగతి గుర్తొచ్చింది. నోరు మాత్రం ఆగలేదు.

"పిన్నీ, నీ ముడులకి ఎంత కరెంటు తగలబడుతుందో ఎప్పుడైనా లెక్కేశావా? మీటరు వచ్చాక కూడా ఇంకా ముడులేనా? ఇంక నీకు వంతులేసే పని లేదు, దీపం పనీ లేదు. హాయిగా కూర్చుని వల అల్లుకో."

జనం గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వబోయి, నవ్వలేక కూర్చుంది.

యోనా ఇంకా తేల్చలేదు. అప్పుడు చేశాను ఆ పని. ఆడవాళ్ల మధ్యలో కూర్చున్న తిరుపతమ్మని పిలిచాను.

"ఒకసారి లేచి, చీర మోకాళ్ల దాకా ఎత్తు. చూడనీ అందరూ."

ఆమె తల అడ్డంగా ఊపింది. నేను మళ్లీ అడిగాను. ఊరంతా చూస్తోంది. లేచి నిలబడి, కళ్లు నేలకేసి, చీర ఎత్తింది. ఆడవాళ్లంతా అయ్యో అన్నారు. ఆమె చెల్లెలు శేషారత్నం, అంటే యోనా భార్య, ఏడ్చేసింది. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. పిన్ని కూడా ఎత్తింది.


6. శుద్ధ ఏకాదశి

మూడు రోజుల నుంచి ఊరు ఊరులా ఉంది. ఆడవాళ్లు తెల్లారేదాకా నిద్రపోతున్నారు. పగలు అరుగుల మీద కబుర్లు వినిపిస్తున్నాయి. కాలువ గట్టున తోటకూర, గోంగూర చల్లారు. ఎవరింట్లో ఏ కూర వండినా నాకో గిన్నె వస్తోంది. తిరుపతమ్మ మోకాళ్ల వాపు తీసింది. నిన్న కట్ట మీదికి నడిచి వెళ్లి వచ్చింది. వస్తూ వస్తూ నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసమే ఇదంతా చేశానని ఆ రోజు నమ్మాను.

బ్యాటరీలని రెండేసి చొప్పున చక్రానికి తగిలించి మారుస్తున్నాను. అన్నీ పన్నెండు ముప్పాతికే. చక్రం మొదటి రోజంత చురుగ్గా తిరగడం లేదనిపించి ఇరుసుకి నూనె పెట్టాను.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చేసరికి పిన్ని షెడ్డులోంచి బయటికి వస్తోంది.

"ఏం పిన్నీ, పని లేక తోచడం లేదా?"

"ఏం లేదురా, నా వలతాడు మర్చిపోయాను," అంది. మొహం పాలిపోయి ఉంది. నీరసమేమో అనుకున్నాను.


7. శుద్ధ చతుర్దశి

పోటు పెరుగుతోంది. పంపు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తిరిగింది. దాని గొంతు నీరసంగా ఉంది. మధ్యలో ఆపి, బ్యాటరీలు మార్చి, మళ్లీ పెట్టాను. కాలువ నిన్నటికన్నా జానెడు పెరిగింది. విప్పి మీటరు పెట్టి చూస్తే ప్రతి బ్యాటరీ పన్నెండు దాటే చూపిస్తోంది.

ఇవాళైనా వెళ్లి యోనాకి చెప్పి ఉండవచ్చు. సైకిళ్లకి దుమ్ము దులిపి, ఒక రాత్రీ పగలూ ఊరంతా తొక్కితే సగమైనా నిండేవి. షెడ్డు గుమ్మం దాకా వెళ్లాను. బయట శేషారత్నం, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గచ్చకాయలు ఆడుకుంటున్నారు. పెళ్లయ్యాక వాళ్లు ఆడగా నేను చూడలేదు.

"ఏం బావా, నీ చక్రానికి దిష్టి తీశావా?" అని శేషారత్నం కేకేసింది.

"సాయంత్రం తీస్తానులే," అని లోపలికి వచ్చేశాను.


8. పౌర్ణమి

పొద్దు పొడవక ముందే పంపు పెట్టాను. తొమ్మిదిన్నరకి నిండు పోటు. ఆరున్నరకి పంపు మూలిగి ఆగింది. బ్యాటరీలు మార్చాను. ఐదు నిమిషాలకి మళ్లీ ఆగింది. మళ్లీ మార్చాను. ప్రతిదీ మీటరు దగ్గర నిండుకుండ, పంపు దగ్గర ఒట్టికుండ.

ఏడింటికి, ఆపద వచ్చిందని ఊరికి తెలిసేలా తాటాకు గిలకలు మోగించారు. ఊరంతా వచ్చింది. పిన్ని ఎవరినీ అడగకుండా దీపం తెచ్చి వరుసగా తగిలించింది. వల అల్లుతూ బిగ్గరగా లెక్క చెప్పింది. నాలుగు ముడులు. మూడు. ఆరు. మూడు. ఎనిమిదో నెంబరుకి అసలు ముడే పడలేదు.

యోనా నా వైపు చూడలేదు. "తొక్కండి!" అని అరిచాడు.

ఆరు సైకిళ్లు, అరవై మంది మనుషులు. ఆరుగురు తొక్కితే పంపు గుటకలు వేస్తూ తిరుగుతుంది గానీ పోటుతో పోటీ పడలేదు. మిగతావాళ్లు బిందెలతో, తట్టలతో కాలువ నీళ్లు తోడి కట్ట అవతల పోశారు. బావి గట్టు మీద మట్టి, గోనెలు, తలుపులు, చివరికి మంచాలు కూడా వేశారు. సైకిళ్ల మీద మనుషులు పావుగంటకోసారి మారుతున్నారు. తిరుపతమ్మ మాత్రం ఏడింటికి ఎక్కింది దిగలేదు. శేషారత్నం వచ్చి లాగితే చెయ్యి విదిలించుకుంది.

నేను సైకిలెక్కలేదు. తీగలు పట్టుకుని బ్యాటరీ నుంచి బ్యాటరీకి పరుగులు పెడుతున్నాను. ఒక్కటైనా నిజంగా నిండి ఉంటుందేమోనని.

తొమ్మిది దాటాక, పక్కనున్న చింత మొద్దు వైపున బావి గట్టు తెగింది. బెత్తెడు వెడల్పు. యోనా తన వీపు అడ్డం పెట్టి కూర్చున్నాడు. నీళ్లు అతని పక్కల నుంచి చిన్న ధారలుగా బావిలోకి దిగాయి. చప్పుడు కూడా పెద్దగా లేదు. కుండలోంచి గ్లాసులోకి వంపినంత చప్పుడు.


9. బహుళ విదియ

మూడు రోజులు బావి తోడాం. కొత్త నీరు ఊరింది. పిన్ని దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుని, చాలాసేపు ఉంచుకుని ఉమ్మేసింది.

"ఉప్పే," అంది.

అందరూ ఒక్కొక్కరే వచ్చి నాలుక తడుపుకుని వెళ్లారు. చక్రం చూడడానికి వచ్చినట్టే వరుసలో వచ్చారు. ఇసుక ఉప్పు తాగాక తీపెక్కాలంటే నాలుగు వానాకాలాలు కావాలి. అన్నాళ్లూ పంపు ఒక్క పోటుకి కూడా ఆగకూడదు.


10. బహుళ షష్ఠి

సంఘం కూర్చుంది. యోనా వీపంతా గీరుకుపోయి ఉంది, చొక్కా వేసుకోలేదు. తొట్లలో మిగిలిన కాస్త వాన నీళ్లు పది ఇళ్లకైతే వానాకాలం దాకా సరిపోతాయన్నాడు. మిగతా ఇరవై ఆరు ఇళ్లూ మెరక ప్రాంతానికి వెళ్లాలి. అక్కడ అందరినీ ఒకచోట ఉండనివ్వరు. ఊరికో ఇల్లు, రెండిళ్లు. ఎవరు ఎక్కడ పడతారో తెలియదు.

నన్ను తిడతారని, కట్ట దాటిస్తారని సిద్ధపడి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలాయన మాత్రం, "పాపం, పెళ్లాం మోకాళ్లు చూడలేక చేశాడు," అన్నాడు. జాలిగానే అన్నాడు. దాంతో అందరి చూపులూ తిరుపతమ్మ మీదికి వెళ్లాయి. ఆమె చీర కుచ్చెళ్లు లాగి పాదాలు కప్పుకుంది.

అప్పుడు నాంచారమ్మ పిన్ని లేచింది. "తప్పు నాది కూడా," అంది. "ఏకాదశి నాడు వీడు లేనప్పుడు ఒకదానికి దీపం పెట్టి చూశాను. పదకొండు ముడులకే ఎర్రబడింది. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు యోనా.

"అష్టమి నాడు అందరూ నవ్వారు గదా. మళ్లీ నవ్వుతారని. పైగా అప్పటికి మూడు రోజుల్నుంచి నా నడుం నొప్పి కూడా తగ్గింది. ఆడపిల్లలు పొద్దెక్కిందాకా పడుకుంటన్నారు. నా నోటితో వాళ్లని మళ్లీ ఎట్టా లేపను? నాలుగు రోజులు పోనిద్దాం అనుకున్నాను."

ఎవరో ఆడమనిషి, "ముసల్ది తెలిసీ కొంప ముంచింది," అంది. ఇంకొందరు గొంతు కలిపారు. పిన్ని చేతులు కట్టుకుని నిలబడి ఆ మాటలన్నీ పడింది.

ఏకాదశి కన్నా ఆరు రోజుల ముందే నాకు తెలుసు. లేచి ఆ ఒక్క మాట అంటే చాలు, ఆ తిట్లన్నీ నా వైపు తిరిగేవి. కూర్చునే ఉన్నాను. ఈ నెలలో నేను చేసిన పనులన్నిటిలోకీ తలుచుకుంటే ఒళ్లు చీదర పుట్టేది ఇదే.


11. బహుళ దశమి

పోటు తగ్గి సముద్రం నెమ్మదించింది. ఇవాళ పడవలు బయలుదేరాయి. ఎవరుండాలో తేల్చడానికి చీటీలు వేస్తే, ఉండిపోయే పది ఇళ్లలో మాదీ ఒకటిగా వచ్చింది. యోనా వాళ్లకి రాలేదు. పిన్నికీ రాలేదు.

అక్కచెల్లెళ్లిద్దరూ కట్ట మీద చాలాసేపు పట్టుకుని ఏడ్చారు. పడవెక్కి కూర్చున్నాక శేషారత్నం అలవాటు కొద్దీ అంది.

"అక్కా, మోకాళ్లు జాగ్రత్త."

పడవలోవాళ్లంతా తిరుపతమ్మ మోకాళ్ల కేసి చూశారు. శేషారత్నానికి తానేమన్నదో అప్పుడు తెలిసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వెనక నుంచి ఎవరో, "ఆ మోకాళ్లకి మొక్కాలి, ఊరినే కట్ట దాటించినయ్యి," అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. రేపటి నుంచి మెరక మీద ఏ ఊళ్లో కూర్చున్నా ఈ కథ ఆ మాటతోనే మొదలవుతుందని నాకు అర్థమైంది.

నీళ్లలోకి దిగి నడుం లోతు వెళ్లి అరిచాను.

"మోకాళ్లు కాదు! పిన్ని తప్పు కూడా కాదు! పంచమి నాడే నేను పంపుకి పెట్టి చూశాను. సూది పడిపోయింది. కళ్లారా చూశాను. తెలిసే మీ అందరి ముందూ తిప్పి చూపించాను. నా చక్రం తిరుగుతోందని చెప్పుకోవాలని!"

యోనా గెడ వేయడం ఆపి నా వైపు చూశాడు. పున్నమి నుంచి అతను నన్ను చూడటం అదే మొదలు.

"ఇప్పుడా అన్నా చెప్పేది?" అని గెడ నేలకి పొడిచి తోశాడు. పడవ కదిలింది.

పిన్ని రెండో పడవలో ఉంది. నన్ను దాటి పోతూ, "నువ్వు ముందే అనుంటే నేనూ అనేదాన్ని గదరా," అంది. తిట్టినట్టు లేదు. ఊరికే చెప్పినట్టుంది.

పడవలు కనుమరుగయ్యాక తిరుపతమ్మ షెడ్డు వైపు నడిచింది. మా వంతు వేళయింది. పది ఇళ్లే మిగిలాయి కాబట్టి వంతు ఇప్పుడు రోజుకి ఆరు గంటలు. నేను తడిబట్టలతో వెనకే వెళ్లాను. ఆమె ఒక్కో మెట్టు దగ్గర ఆగి, గోడ పట్టుకుని ఎక్కింది. సీటు మీద చెయ్యి వేసి ఆగింది.

"నేనెక్కుతాను, నువ్వు కూర్చో," అన్నాను.

నన్ను చూసింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

"నా మోకాళ్ల కోసమే అయితే అయస్కాంతాలెందుకయ్యా," అంది. "ఆ పదిహేను రోజులూ నువ్వెక్కి తొక్కితే సరిపోయేది గదా."

ఆ పదిహేను రోజులూ నేను ఆమె సైకిలు పక్కనే పీట వేసుకుని, తీగ చుట్టుకుంటూ కూర్చున్నాను.